తాళం ఖరీదు

పెళ్లే జరగలేదంటే పన్నెండు వేలు. జరిగింది, ఆ ఇంట్లో బతకలేకపోయాను అంటే లక్ష దాటుతుంది, ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. పొద్దున్న సబత్ వకీలు చెప్పిన లెక్క అది. చెప్పి, టైపు చేయించిన కాగితం చివర, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేసి, తిని వస్తాను, ఈలోగా ఆలోచించుకో అని గొడుగు విప్పుకుని భోజనానికి వెళ్లిపోయాడు. బరంపురం ఫ్యామిలీ కోర్టు వరండాలో చెక్కబెంచీ మీద లక్ష్మీకుమారి ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన తల్లి మహాలక్ష్మమ్మ క్యారియరు మూత తీస్తోంది. వరండా ఆ చివర, నోటరీ బల్ల దాటాక, స్తంభానికి ఆనుకుని కూర్మారావు నిలబడి ఉన్నాడు. కూర్మారావు లక్ష్మీకుమారికి మొగుడు. మహాలక్ష్మమ్మకు సొంత తమ్ముడు. ఆ రెండు వరసలూ ఒకే మనిషికి కలిసిపోవడం వల్లే పన్నెండు వేలన్న అంకె పుట్టింది.

పుట్టించింది తనే. నోరు జారింది. మొదటిసారి సబత్ బాబు ఇంటికి వెళ్లినప్పుడు ఆయన ఒడియాలో అడుగుతున్నాడు, తను ఒడియాలోనే చెబుతోంది, ఎన్నేళ్లయింది, పిల్లలున్నారా, ఎక్కడ కాపురం, ఏం చేస్తాడు. సోనేపూర్‌లో ఐసు ఫ్యాక్టరీ చూసుకుంటాడండి, పడవలకి ఐసు వేస్తాడు. కొట్టేవాడా? కొట్టేవాడు. తాగి కొట్టేవాడా? లేదు, మో మాము తాగడు. అంతే. ఆయన చేతిలో కలం ఆగిపోయింది. మాము? ఎవరి మేనమామ? పెళ్లయిన నాటి నుంచి ఒక్కరోజు కూడా తను అతన్ని ఏమండీ అని పిలవలేదు, పిలవాలని తోచనూ లేదు, మావయ్యా అన్నం పెట్టేశాను, మావయ్యా గ్యాసు అయిపోయింది, మావయ్యా కొట్టకు. అంకులిలో తమ వీధిలో ఏ ఇంట్లో అడిగినా సగంమంది ఆడవాళ్లు మొగుణ్ణి అలాగే పిలుస్తారు. కానీ సబత్ బాబు ముఖంలో ఏదో ఒకటి ముడుచుకుపోయింది. ఒడియావాళ్లలో మేనమామంటే తండ్రి తర్వాత తండ్రి. ఆ ముడత ఎంతోసేపు ఉండలేదు. లావుపాటి పుస్తకం ఒకటి తీసి, కళ్లజోడు సర్దుకుని, ఒక పేజీ దగ్గర ఆగి, నీళ్లపైపు ఎక్కడ కారుతోందో కనిపెట్టినవాడిలా నవ్వాడు. తర్వాత తనకొచ్చిన తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "సూడమ్మా, మేనమామ, మేనకోడలు పెళ్లి చట్టంలో పెళ్లి కాదు. కులంలో ఆచారం ఉంటేనే పెళ్లి. ఆచారం ఉంది అని ఎవరూ అనకపోతే? వాళ్లూ అనకపోతే? విడాకులే అక్కర్లేదు. లేని పెళ్లికి విడాకులేంటి? బుఝిల?"

అర్థమైంది. అర్థమయ్యాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతోనే. డబ్బు మిగులుతుంది. హల్దియాపదర్‌లో అప్పడాల షెడ్డులో పీట ముందు కూర్చుంటే పగలంతా చేతులు వాటంతట అవే ఒత్తుతాయి, మనసు ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలో ఎప్పుడూ లెక్కలే. ఒక వాయిదా అంటే వకీలు ఫీజు, ఆయన గుమాస్తా టీ, స్టాంపులు, ఆటో, ఆ పూట కూలి పోవడం. తెలుగులో ఉన్న శుభలేఖ ఇంగ్లీషులోకి మార్చడానికి ఒక ఖర్చు, ఆ మార్చింది సరైనదేనని ముద్ర వేయించడానికి ఇంకో ఖర్చు. సాక్షిని తేవాలంటే అతని దారిఖర్చు, అతని భోజనం, ఆ రోజు అతనికి పోయిన సంపాదన. వాయిదా పడితే అవన్నీ మళ్లీ మొదటినుంచి. పక్క పీట చిట్టమ్మ, "ఏటే, అలగ పెదాలు కదుపుతున్నావు, మంత్రాలేటి?" అని ఎకసెక్కం చేస్తుంది. అప్పడం గుండ్రంగా రావాలంటే అంచు దగ్గర చెయ్యి తేలిగ్గా పడాలి. అంచు నొక్కితే చిరుగుతుంది. డబ్బూ అంతే, అంచు దగ్గరే చిరుగుతుంది. ఇంగువ వాసన వేళ్లకి అంటుకుని ఎన్నిసార్లు కడిగినా పోదు. ఇప్పుడు ఈ కాగితానికి కూడా అంటుకునే ఉంటుంది.

"రెండు ముద్దలు తినీ," అంది తల్లి. పెరుగన్నం, మాగాయ. "ఎప్పుడు పిలుస్తారో ఏటో. ఖాళీ కడుపుతో సంతకాలెట్టకూడదు." ఎందుకు పెట్టకూడదో అమ్మకీ తెలియదు, నోటికి వచ్చింది అనేస్తుంది. అమ్మ నడుము దగ్గర చిన్న గుడ్డసంచీలో ఆ పన్నెండు వేలూ ఉన్నాయి, ఊపిరి పీల్చినప్పుడల్లా చీర కింద ఎత్తుగా కదులుతున్నాయి. అది నాన్న డబ్బు. నాన్న గణపతిరావు రైల్వేలో పాయింట్స్‌మన్, బరంపురం స్టేషనులో పట్టాలు మార్చి మార్చి చివరికి గుండె ఆగి పోయాడు, ఆయన పేరు మీద అమ్మకి నెలనెలా పెన్షను వస్తుంది. నాన్న కూడా అమ్మకి మేనమామే. అమ్మమ్మ దేముడమ్మకి తమ్ముడు. అమ్మ ఆయన్ని మావా అనే పిలిచేది, బెజ్జం పడ్డ గిన్నె చూపించి, ఏటి మావా, ఇది మాటేయించవా అనేది, ఆయన పోయిన రోజు కూడా మావా మావా అనే ఏడ్చింది. ఏటేటా పెన్షను ఆఫీసు గుమాస్తా అడుగుతాడు, గణపతిరావుకి నువ్వు ఏమవుతావు? భార్యని బాబూ. అక్కడ ఎవరూ పుస్తకం తియ్యలేదు. ఒళ్లో ఉన్న కాగితంలో నాలుగో పేరా ఇంగ్లీషులో ఉంది, సబత్ బాబు చదివి చెప్పాడు. మా వంశంలో మేనమామను పెళ్లాడే ఆచారం ఏనాడూ లేదు. కింద రెండు సంతకాలకు చోటు, ఒకటి తనది, ఒకటి ఇంటికి పెద్దగా అమ్మది.

"అమ్మా, ఇందులో ఏటి రాసారో నీకు తెల్సా?"

"సబత్ బాబు సెప్పినాడు గదే."

"ఏటని?"

"మనింట్లో మావల్ని సేసుకోరని." మహాలక్ష్మమ్మ మాగాయ టెంకను ఓ పక్కకి నెట్టింది. "నువ్వు సెప్పమంటే సెప్తాను. నోరే గదా, ఏటి అరిగిపోద్ది. మీ నాన్న ఉంటే నవ్వీసీవోడు."

నవ్వేవాడా. ఏమో. నాన్న నవ్వు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోతే ముందు ఆయన చేతిలో పచ్చలాంతరు వస్తుంది, ఆ తర్వాత చెవులు కుట్టిన రోజు వస్తుంది. ఆ రోజు తను మేనమామ ఒళ్లో కూర్చోవాలి, అది పద్ధతి. మేనమామకి అప్పుడు పదేళ్లుంటాయేమో, నిక్కరు వేసుకుని పీట మీద బిగుసుకుని కూర్చున్నాడట, కంసాలి సూది తియ్యగానే తనకంటే ముందు అతనే ఏడ్చాడట. ఆ కథ చెప్పి అమ్మమ్మ ప్రతిసారీ విరగబడి నవ్వేది. ఆ పిల్లాడే. అమ్మకి పెళ్లయ్యే నాటికి చంటివాడు, అమ్మ పుట్టింటికి వస్తే చంక దిగేవాడు కాదట. అమ్మ చేత్తో తిన్న అన్నం, అమ్మ కుట్టిన చొక్కాలు. తర్వాత పెళ్లి. బుట్ట. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మోసుకురావాల్సింది మేనమామ, ఆ మేనమామే పెళ్లికొడుకై పీట మీద కూర్చున్నాడు, ఇంక బుట్ట ఎవరు మోస్తారు? ముహూర్తం దగ్గరపడుతోంది, అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు, ఎవరో వరసకి మామ అయ్యే నరసన్నని వంటపాకలోంచి లాక్కొచ్చారు, చేతులకి ఇంకా శనగపిండి ఉంది. బుట్ట పక్కకి ఒరిగింది, తను అంచు పట్టుకుంది, ఎదురుగా పీట మీద కూర్మారావు నవ్వాడు, పడతావే అన్నాడు, చిన్నప్పుడు సైకిలు మీద ఎక్కించుకుని అన్నట్టే. అప్పుడు ఏ భయమూ లేదు. కొత్తింటికి వెళ్తున్నట్టే లేదు. అత్తగారంటే అమ్మమ్మే, ఏడాది తిరక్కుండా ఆవిడ పోయింది, తర్వాత సోనేపూర్‌లో పెట్టిన కాపురంలో ఇద్దరే మిగిలారు, ఒక మామ, ఒక మేనకోడలు.

వాన మొదలైంది. టైపు చేసేవాళ్ల రేకుల షెడ్డు మీద మొదట విడివిడిగా, తర్వాత ఒక్కసారిగా దబదబా. కాగితాలు తడవకుండా టార్పాలిన్లు లాగుతున్నారు, ఎవరో ఎవరినో ఒడియాలో తిట్టారు, టీ కొట్టువాడు పొయ్యిని లోపలికి జరుపుకున్నాడు. లక్ష్మీకుమారి మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. రేకుల మీద వాన చప్పుడంటే ఇప్పటికీ తలుపు ఎక్కడుందో కళ్లు వెతుకుతాయి. వరండాకి తలుపు లేదు. అంతా బార్లా తెరిచే ఉంది. అయినా వెతికింది.

తాళం ముందు ఆటలాగే మొదలైంది. తనకి అయిదారేళ్లప్పుడు అమ్మ ఆసుపత్రికి వెళ్తూ, గుంటని సూస్తుండరా తమ్ముడూ అని వదిలేసి వెళ్లేది. అతనికి బంతాట. తనని గదిలో పెట్టి బయట గొళ్లెం వేసి పారిపోయేవాడు, వచ్చేటప్పుడు పుల్లఐసు తెచ్చేవాడు, ఎర్రది. అమ్మకి సెప్పకే. చెప్పేది కాదు. కిటికీ ఊచలు పట్టుకుని ఆ ఐసు కోసం ఎదురుచూడటం బాగానే ఉండేది కూడా. సోనేపూర్‌లో కాపురం పెట్టిన మొదటివారం అతను ఫ్యాక్టరీకి వెళ్తూ బయట తాళం వేస్తే తను కిటికీ లోంచి నవ్వింది, పుల్లఐసు తేవాలి మరి అంది. తేలేదు. తర్వాతి వారమూ తాళమే, ఆ తర్వాతా. ఊరు కొత్త, ఒక్కత్తివి, నీకేటి తెల్దు. చుట్టూ అందరూ జాలర్లు, పొద్దుపోయేదాకా మగవాళ్లు వీధిలోనే వలలు అల్లుకుంటారు, నీకు తెల్దు. పాలకోసం గిన్నె కిటికీ ఊచల్లోంచి పట్టేది, పక్కింటి మసేను పెళ్లాం అందులో పోసేది. ఒకసారి తాళం తియ్యగానే అడిగింది, మావయ్యా, నాకూ ఒక తాళంచెవి ఇవ్వు. దెబ్బ చెంప మీద పడలేదు, వీపు మీద పడింది, చిన్నపిల్లల్ని కొట్టేచోట. అది అమ్మకి చెబితే అమ్మ ఏమంది? సిన్నప్పుడూ కొట్టీవోడు గదే, మావే గదా. మొగుడు కొట్టాడంటే పుట్టింటివాళ్లు ఊరుకోరు. మేనమామ కొట్టాడంటే ఊరుకుంటారు. అతను రెండూ. పుట్టింటివాళ్లూ అతనే.

దసరా అష్టమి నాడు ఫైలిన్ తుపాను వచ్చింది. రెండు రోజుల ముందు నుంచే ఆటోలో మైకు తిప్పుతున్నారు, అందరూ షెల్టరుకి వెళ్లిపోండి, సముద్రం ముందుకొస్తుంది. పొద్దున్నే అతను ఫ్యాక్టరీ కప్పు రేకులకి తాళ్లు బిగించాలని వెళ్లాడు, తాళం వేసి వెళ్లాడు. మావయ్యా, ఈరోజొద్దు అంది లోపల్నుంచి. గంటలో వచ్చీస్తాను, నువ్వు ఆ జనంలో పడి ఎల్లకు అన్నాడు బయటినుంచి. కిటికీలోంచి చూస్తే వీధి ఖాళీ అవుతోంది, మూటలు, మేకలు, దుప్పటి కప్పిన ముసలమ్మ, భుజాల మీద పిల్లలు. పిలిచింది. మొదట గట్టిగా పిలవడానికి సిగ్గేసింది, తాళంలో ఉన్నానని అందరికీ తెలుస్తుందని. నిజంగా అరిచేటప్పటికి వీధిలో వినేవాళ్లు లేరు. మధ్యాహ్నానికే చీకటి కమ్మింది. గాలి అనే మాట ఆ చప్పుడికి చాలదు, పట్టాల మీద గూడ్సుబండి ఆగకుండా ఇంటిలోంచే వెళ్తున్నట్టుంది. పెంకులు ఒక్కొక్కటే కాదు, వరసలు వరసలుగా లేచిపోయాయి. తలుపు కిందనుంచి నీళ్లు వచ్చాయి, నాలుక చివర పెడితే ఉప్పగా ఉన్నాయి. సముద్రం. మంచం ఎక్కింది. మంచం మీద బియ్యం డబ్బా పెట్టి దాని మీద ఎక్కింది. అప్పుడు కూడా మనసులో ఒక పిచ్చిలెక్క, గంట అన్నాడు, గంట అన్నాడు. ఎంత సేపయ్యిందో తెలియదు, తలుపు మీద ఇనుము పడిన చప్పుడు. షెల్టరులో మసేను పెళ్లాం చుట్టూ చూసి, పాలగిన్నె పిల్ల ఏదని అడిగిందట. మసేను పడవ లంగరు భుజాన వేసుకుని తిరిగి వచ్చాడు. లంగరు కొసతో కొట్టి కొట్టి తాళం విరగ్గొట్టాడు. తనని నడిపించలేదు, బస్తాని ఎత్తినట్టు ఎత్తుకుపోయాడు. ఆ రోజు మోసినవాడు అతను. మోయాల్సినవాడు ఎక్కడో రేకులు కట్టుకుంటున్నాడు.

మర్నాడు గాలి తగ్గాక అతను వచ్చాడు. ఒళ్లంతా బురద, కాలికి దెబ్బ, దారిలో చెట్లు పడిపోయి ఫ్యాక్టరీలోనే ఇరుక్కుపోయాడట, అది నిజమే. తను షెల్టరు నుంచి ఇంటి దగ్గరికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది, అతన్ని చూడగానే ఏడుపు తన్నుకొచ్చింది, అవును, అతన్ని చూసే, చిన్నప్పటినుంచి ఏడుపొస్తే వెళ్లి పట్టుకునే చొక్కా అదే కదా. రెండడుగులు వేసింది కూడా. అతను తన వంక చూడలేదు. తలుపు చూశాడు. గొళ్లెం చూశాడు. వంగి కింద బురదలోంచి విరిగిన ముక్క తీశాడు. "తాళం ఎవుడు పగలగొట్టీసినాడు?" అన్నాడు. చెవుల్లో ఇప్పటికీ ఉన్నది తుపాను కాదు, ఆ మాటే.

"అక్కా, టీ."

కూర్మారావు ఎప్పుడు వచ్చాడో, రెండు గాజుగ్లాసులు రెండు చేతుల్లో పట్టుకుని వాన జల్లు తగలకుండా వీపు అడ్డుపెట్టి నిలబడ్డాడు. మహాలక్ష్మమ్మ చెయ్యి చాచి తీసుకుంది. తీసుకోక ఏం చేస్తుంది. "సక్కెర ఎక్కువెయ్యనివ్వనేదు," అన్నాడు, "నీకు షుగరుంది గదా." రెండో గ్లాసు బెంచీ మీద లక్ష్మీకుమారి పక్కన పెట్టాడు. అతని చెవుల దగ్గర జుట్టు నెరిసింది. చొక్కా గుండీ ఒకటి లేదు. ఆ గుండీ కుట్టాలని చేతికి అనిపించింది, అలవాటు, వేళ్లు వాటంతట అవే.

"సంతకం ఎట్టీయే," అన్నాడు మెల్లిగా, కోపం లేకుండానే. "మా వకీలూ మీ వకీలూ మాటాడీసుకున్నారు. నాను అడ్డు సెప్పను. ఖర్సూ నేదు, తగువూ నేదు. నువ్వు నా మీద ఏటీ అనక్కర్నేదు, నాను నీ మీద ఏటీ అననక్కర్నేదు. పెళ్లే అవనేదు, అయిపోయింది. మళ్లీ మామూలుగా నాను నీకు మావయ్యనే. పండక్కి అక్కింటికి రాకుండా ఉండగల్నా?"

నవ్వాడు. ఆ నవ్వులో దొంగతనం ఏమీ లేదు, నిజంగానే తేలికపడ్డాడు. లక్ష్మీకుమారి గ్లాసు మీద తేలుతున్న మీగడ చూస్తోంది. పెళ్లే అవలేదు. అయితే ఆ ఇల్లు? పెళ్లి కాకపోతే ఆ ఇంట్లో తను ఎవరు, పండక్కి మామ ఇంటికి వెళ్లిన పిల్ల. పిల్లని లోపల పెట్టి తాళం వేశాడు, పిల్ల జాగ్రత్త కోసం. తుపాను వచ్చింది, ఎవరో తాళం పగలగొట్టారు. అంతే. అందులో కేసేముంది, కథేముంది. అప్పుడప్పుడు ఆ కథ కూడా చెప్పుకుని విరగబడి నవ్వుకోవచ్చు, కంసాలి సూది కథలా. పన్నెండు వేలకి కొనుక్కుంటున్నది ఇది. లక్ష పైన ఎందుకవుతుందో ఇప్పుడు తెలిసింది. అది జరిగిందని చెప్పడానికి అయ్యే ఖర్చు. జరగలేదని చెప్పడం ఎప్పుడూ చౌకే. అతను పండక్కి వస్తాడు. అమ్మ అతనికి గారెలు వేస్తుంది. తను వడ్డిస్తుంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరికి లాగి వేస్తాడు, చలిగాలి వస్తోందని.

సబత్ బాబు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. నోటరీ కూడా వచ్చి ముద్రలు పేర్చుకున్నాడు. అమ్మా రండి, వాన తగ్గితే జనం వచ్చేస్తారు, ముందు మీదే అయిపోవాలి అన్నాడు వకీలు. తల్లీకూతుళ్లు లేచారు, కూర్మారావు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. నోటరీ కాగితం అటూ ఇటూ తిప్పి, ముందు పెద్దావిడ అన్నాడు, నాలుగో పేరా మీద వేలు పెట్టి ఒడియాలో చదివి వినిపించాడు. మీ వంశంలో మేనమామని చేసుకునే ఆచారం లేదు, ఇది నిజం అని ప్రమాణం చేసి చెబుతున్నారా?

మహాలక్ష్మమ్మ తల ఊపబోయింది. అంతకు ముందు ఒక్క క్షణం ఆవిడ చెయ్యి దానంతట అదే మెడ దగ్గరికి వెళ్లింది, నాన్న పోయాక అక్కడ ఏమీ లేదు, ఖాళీ మెడని ఓసారి తడిమి మళ్లీ కిందికి వచ్చింది. లక్ష్మీకుమారి ఆ చేతినే చూసింది. ఒక చేత్తో తమ్ముణ్ణి పెంచింది, అదే చేత్తో కూతుర్ని ఇచ్చింది, ఇప్పుడు కూతురి కోసం తన మొగుడు మొగుడే కాడని సంతకం పెట్టబోతోంది. ఆవిడకి ఇంకేం మిగులుతుంది, పెన్షను పుస్తకం తప్ప.

లక్ష్మీకుమారి కాగితం మీద అరచెయ్యి వేసింది.

"సబత్ బాబూ, ఇది వద్దండి. పెళ్లయ్యింది. మా అమ్మకీ అయ్యింది, నాకూ అయ్యింది. తాళం వేసి వెళ్లిపోయాడని రాయండి."

సబత్ బాబు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనది కోపం కాదు, బెంగ. "అమ్మా, నేను చెప్పాను కదా. అది లెంగ్తీ కేసు. సాక్షి కావాలి. సాక్షి జాలరి మనిషి, సముద్రం వదిలి ఎవడొస్తాడు? ఒక వాయిదాకి వస్తాడు, రెండో వాయిదాకి ఫోను ఎత్తడు. నేను ఎన్ని చూశాను. నీ డబ్బు నీళ్లపాలు."

సాక్షి దారిఖర్చు, భోజనం, పోయిన సంపాదన. ఇన్నాళ్లూ లెక్కలన్నీ కట్టింది కానీ మసేనుని ఒక్కసారీ అడగలేదు. అడిగితే కాదంటాడని. కాదంటే ఈ చౌక దారి ఒక్కటే మిగులుతుందని. తన చేతిసంచీలోంచి ఫోను తీసింది. రింగు అవుతోంది, అవుతోంది. వాన చప్పుడికి సరిగ్గా వినిపించక స్పీకరు నొక్కింది.

"ఎవులు?"

"మసేనన్నా, నేను. లక్ష్మీకుమారిని."

"పాలగిన్నె పిల్లా? ఏటమ్మా, బాగున్నావా? మా ఇంటిది నిన్ననే అంది నీ ఊసు."

"అన్నా, నువ్వో రోజు ఏటకెల్లకపోతే నీకెంత పోద్ది?"

అవతల నవ్వు. "దొరికిన్నాడు పోద్ది. దొరకనినాడు డీజిలు మిగుల్ద్ది. ఎందుకూ, నన్ను కూలికెట్టుకుంటావేటి?"

"బరంపురం కోర్టుకి రావాల. తుపాను నాడు నువ్వు తాళం పగలగొట్టినావు గదా, ఆ సంగతి సెప్పాల. ఒకసారి కాదన్నా, పిలిసినప్పుడల్లా. ఆ రోజుల డబ్బులు నేనిచ్చుకుంటాను."

అవతల మసేను ఎవరితోనో వల పట్టుకోమని చెబుతున్నాడు. సబత్ బాబు చూశావా అన్నట్టు కనుబొమలు ఎత్తాడు. తర్వాత మసేను గొంతు, ఈసారి నవ్వు లేకుండా. "నీ డబ్బులొద్దు. నా డబ్బులు నాకిప్పిస్తారేటో అడుగు."

"నీ డబ్బులేటి?"

"మీ మావ సెప్పనేదా నీకు? ఆ తుపాన్లో నా పడవ పోనాది, వలలు పోనాయి, ఇంటి మీద ఒక్క ఆకు నేదు. నువ్వు ఎల్లిపోనాక ఆ వారంనోనే వొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కొత్త తాళం, నూట ఎనబై అన్నాడు. సర్కారోలిచ్చిన డబ్బుల్లోంచి తీసిచ్చీసినాను, ఎవుడితో తగువని. జడ్జీ కాడ ఆ మాట సెప్పనిస్తారా? సెప్పనిస్తే ఎన్నిసార్లయినా వస్తాను. బస్సు నేకపోతే నడిసొస్తాను."

నోటరీకి తెలుగు వచ్చు, బరంపురంలో రానివాళ్లెవరు. ముద్ర చేతిలో అలాగే పట్టుకుని కూర్మారావు వంక చూశాడు. సబత్ బాబూ చూశాడు. మహాలక్ష్మమ్మ మాత్రం తిరగడానికి కొంచెం టైము తీసుకుంది. మోకాళ్ల నొప్పులు, ఒంటిని ముక్కలు ముక్కలుగా తిప్పుకోవాలి.

"నిజవేనేటిరా, తమ్ముడా?"

కూర్మారావు చేతిలో అక్క తాగి ఇచ్చిన టీగ్లాసు ఖాళీగా ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అక్క అడిగితే అబద్ధం చెప్పడం అతనికి చిన్నప్పటినుంచీ రాదు.

"తాళం కొత్తదక్కా," అన్నాడు.

రేకుల మీద వాన పలచబడింది. మహాలక్ష్మమ్మ తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది, లేని గుండీ దగ్గర ఆవిడ చూపు ఒక్క క్షణం ఆగింది, దాటిపోయింది. నడుము దగ్గర గుడ్డసంచీ ముడి విప్పి మొత్తం తీసి కూతురి చేతిలో పెట్టింది. తర్వాత నోటరీ బల్ల మీది కాగితాన్ని రెండు వేళ్లతో పట్టుకుని సబత్ బాబు వైపు జరిపింది.

"ఇది సింపీ బాబూ," అంది. "పెళ్లి అయ్యిందని రాయి. నానే సేసినాను."